పులుపు కణాల పట్టును బిగిస్తుందా, వదులు చేస్తుందా? బడిలోనే కొలిచి చూసే పద్ధతి

కందిబ్యాళ్లు మెత్తగా ఉడకకముందే చింతపండు పులుసు పోయకూడదని మా కర్నూలు వైపు వంట వచ్చిన ఎవరినడిగినా చెబుతారు. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క అయితే ఇంకా గట్టిగా చెబుతుంది: "పులుపు ముందే పడిందంటే ఎంత మంట పెట్టినా బ్యాళ్లు బిరుసెక్కి కూర్చుంటాయి మేడమ్. చిటికెడు తినే సోడా వేస్తే చూడండి, పిలవకముందే కరిగిపోతాయి." ఆ రెండు వాక్యాల్లో ఒక మంచి జీవశాస్త్ర ప్రయోగం ఉంది. జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనకో, ఇన్‌స్పైర్ మానక్‌కో ఏం చేయాలా అని వెతుక్కునే తొమ్మిది, పది తరగతుల పిల్లలకూ, వాళ్లను నడిపించే టీచర్లకూ ఇది రాస్తున్నాను. మోడల్ కొనక్కర్లేదు, థర్మాకోల్ అక్కర్లేదు. క్యారెట్లు, నిమ్మకాయలు, తినే సోడా, ఒక స్టీలు కడ్డీ ముక్క ఉంటే చాలు.

ముందు ఏం కొలుస్తున్నామో తెలియాలి. మొక్కల్లో ప్రతి కణానికీ కణకవచం ఉంటుంది. పక్కపక్కనున్న రెండు కణాల కవచాల మధ్య మధ్య పటలిక అనే పలుచటి పొర ఉంటుంది. కణాలను కలిపి పట్టి ఉంచేది అదే. అందులో ముఖ్యమైన సరుకు పెక్టిన్, అంటే గాలక్టురోనిక్ ఆమ్లం అణువులు వరుసగా గుచ్చుకున్న పొడవాటి గొలుసులు. ఆ గొలుసులో ప్రతి అణువు మీదా ఒక కార్బాక్సిల్ గుంపు ఉంటుంది. వాటిలో కొన్నింటికి మిథైల్ గుంపు తగులుకుని ఉంటుంది, మిగిలినవి ఖాళీగా, రుణావేశంతో ఉంటాయి. రెండు ధనావేశాలున్న కాల్షియం అయాను ఒక గొలుసునూ పక్క గొలుసునూ ఈ ఖాళీ చోట్లలోనే కలిపి పట్టుకుంటుంది. కాల్షియం అయాన్లు గొలుసుల మధ్య గుంటల్లో వరుసగా కూర్చుంటాయి కాబట్టి 1973లో శాస్త్రవేత్తలు దీనికి గుడ్ల అట్టపెట్టె నమూనా అని పేరు పెట్టారు.

ఇక్కడికి ఆమ్లం వస్తే జరిగేది ఒక్కటి కాదు. పుస్తకాల్లోనూ చార్టుల్లోనూ అందరూ జారిపోయేది ఈ చోటే కనుక కాస్త నిలబడి చూద్దాం.

మొదటిది, వేడి నీళ్లలో పెక్టిన్ గొలుసు తెగడం. కూరగాయ మెత్తబడేది ప్రధానంగా ఇందువల్లే. నీళ్లు తటస్థంగా గానీ క్షారంగా గానీ ఉన్నప్పుడు, మిథైల్ గుంపులున్న చోట గొలుసు బీటా-ఎలిమినేషన్ అనే చర్యతో తెగుతుంది. ఈ చర్యకు హైడ్రాక్సైడ్ అయాన్లు కావాలి. పులుపు పెరిగితే అవి తగ్గిపోతాయి కాబట్టి తెగడం నెమ్మదిస్తుంది. పులుపు ఎంతో చెప్పే కొలత పీహెచ్: 7 అంటే తటస్థం, అంతకంటే తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4 దాపున గొలుసు అన్నిటికంటే పదిలంగా ఉంటుంది. బ్యాళ్లు బిరుసెక్కేది అందుకే. సోడా నీళ్ల పీహెచ్ 8 దాటుతుంది కాబట్టి అందులో గొలుసు చకచకా తెగిపోతుంది.

రెండోది, ఆమ్లం ఇంకా బలంగా ఉంటే, పీహెచ్ 3 కంటే దిగితే, కథ తిరగబడుతుంది. అప్పుడు గొలుసును ఆమ్లమే కోస్తుంది. దీన్ని ఆమ్ల జలవిశ్లేషణ అంటారు. పైగా కార్బాక్సిల్ గుంపులు ప్రోటాన్‌ను పట్టుకుని ఆవేశం పోగొట్టుకుంటాయి. ఆ మార్పు పీహెచ్ మూడున్నర దాపులో జోరుగా జరుగుతుంది. ఆవేశం పోయిన చోట కాల్షియానికి పట్టు దొరకదు, వంతెన ఊడిపోతుంది.

కాబట్టి "ఆమ్లం కణబంధాన్ని బలహీనపరుస్తుంది" అన్నా, "బలపరుస్తుంది" అన్నా సగం మాటే. పీహెచ్ ఎంత, వేడి ఎంత, ఎంతసేపు అని మూడూ చెప్పకుండా ఆ వాక్యం రాయనివ్వను నేను పిల్లల్ని. ఈ ప్రయోగమంతా ఆ మూడింటినీ పట్టుకోవడానికే.

నీళ్ల సంగతి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మన రాయలసీమలో ప్రయోగం చెడేది ఇక్కడే. మన బోరు నీళ్లు మరిగించిన గిన్నె అడుగున తెల్లటి చెక్కు కడుతుంది, చూసే ఉంటారు. అది కాల్షియం కార్బొనేట్. ఆ నీళ్లలో కాల్షియం ఉంది, బైకార్బొనేట్ ఉంది. కాల్షియం మధ్య పటలికను గట్టిపరుస్తుంది. బైకార్బొనేట్ ఏమో మీరు పిండిన నిమ్మరసంలో కొంత భాగాన్ని తటస్థం చేసేస్తుంది. రెండూ కలిస్తే ఏది దేని ప్రభావమో తేలదు. అందుకే అన్ని గిన్నెలకూ ఒకే రకం నీళ్లు, అదీ ఆర్వో ప్లాంటు క్యాన్ నీళ్లు వాడండి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ అయితే ఇంకా మేలు. కానీ వండిన ముక్కలు ఎవరూ తినకూడదు సుమా, పిల్లల చేతులు ఊరుకోవు.

నీళ్లు ఒక్కో లీటరు చొప్పున స్టీలు గిన్నెల్లో పోయండి. అల్యూమినియం గిన్నెలు వద్దు, సోడా, పులుపు రెండూ దాన్ని తింటాయి. ఒక గిన్నెలో ఉత్త నీళ్లు. ఒకదాంట్లో తినే సోడా ఒక చెంచా. ఒకదాంట్లో నిమ్మరసం చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ పేపరుతో చూస్తూ 4 వచ్చేదాకా. ఇంకోదాంట్లో పీహెచ్ రెండున్నర, మూడు మధ్యకు దిగేదాకా నిమ్మరసం గానీ వెనిగర్ గానీ. చింతపండు రసం వాడాలని పిల్లలు ముచ్చటపడతారు, మన వంటకు దగ్గరగా ఉంటుందని. కానీ దాని రంగు వల్ల పేపరు రంగు సరిగా చదవలేం. అది వేరుగా, చివర్న చేసుకోండి.

నోటు పుస్తకంలో "రెండు చెంచాల నిమ్మరసం" అని రాస్తే పనికిరాదు, నిమ్మకాయ నిమ్మకాయకూ పులుపు మారుతుంది. పీహెచ్ అంకెనే రాయాలి. పీహెచ్ ఒక అంకె తగ్గిందంటే ఆమ్లత పదింతలైందని కూడా పిల్లలకు గుర్తుచేయాలి. 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ ఈ కొలత తెచ్చినప్పటి నుంచీ లెక్క అదే. ద్రావణం చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఉడికించి చల్లార్చాక ఇంకోసారి కొలవండి. ఉత్త నీళ్ల పీహెచ్ మరిగాక పైకి జరగవచ్చు, అందులోని కార్బన్ డయాక్సైడ్ ఆవిరైపోతుంది కనుక.

ముక్కలు కోయడం

క్యారెట్ ఎందుకంటే ముక్కలు ఒకే తీరుగా వస్తాయి, ఉడికినా చెదరవు. ఉర్లగడ్డ బాగుంటుంది కానీ అందులోని పిండి ఉబ్బి లెక్కను కలగాపులగం చేస్తుంది. సెంటీమీటరు మందం బిళ్లలుగా, స్కేలు పక్కన పెట్టుకుని కోయండి.

పిల్లలు మామూలుగా చేసే పని ఒకటుంది: ఒక్కో క్యారెట్‌ను ఒక్కో గిన్నెకు కేటాయిస్తారు. అప్పుడు మీరు పోలుస్తున్నది పీహెచ్‌లను కాదు, క్యారెట్లను. ఒక క్యారెట్ లేతది, ఇంకోటి ముదురుది అయితే ఫలితమంతా అబద్ధం. ప్రతి క్యారెట్ నుంచీ వచ్చిన బిళ్లలు అన్ని గిన్నెలకూ పంచాలి. చివరి సన్నటి కొన, పైన తొడిమ దగ్గరి భాగం పక్కన పెట్టేయాలి. గిన్నెకు కనీసం ఎనిమిది బిళ్లలు ఉంటే సగటు తీయడానికి అర్థం ఉంటుంది.

నీళ్లు బాగా మరిగాకే ముక్కలు వేయండి. చన్నీళ్లలో వేసి మెల్లగా కాచకూడదు. కారణం ఆసక్తికరం. 55 నుంచి 65 డిగ్రీల మధ్య క్యారెట్ కణకవచంలోని పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ అనే ఎంజైము చురుగ్గా పనిచేస్తుంది. అది మిథైల్ గుంపులను తీసేస్తుంది. తీసేసిన ప్రతి చోటా కాల్షియం పట్టుకోవడానికి కొత్త ఖాళీ, బీటా-ఎలిమినేషన్‌కు ఒక చోటు తక్కువ. అంటే మెల్లగా కాగిన ముక్క ఆ తర్వాత ఎంత ఉడికించినా గట్టిగానే ఉండిపోతుంది. థర్మామీటరు ఉంటే దీన్నే రెండో ప్రయోగంగా చేయండి: కొన్ని బిళ్లలను 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, తర్వాత మిగతావాటితో పాటే మరిగించండి. నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే ఇష్టమైన ఫలితం ఇది. వేడి ఎక్కువ తగిలిన ముక్కే గట్టిగా ఉండటం చూసి పిల్లలు నమ్మలేక మళ్లీ మళ్లీ నొక్కి చూస్తారు.

పదిహేను నిమిషాలు ఉడికించి, అన్ని గిన్నెల ముక్కలూ ఒకేసారి చన్నీళ్లలో వేసి గది వేడికి తెచ్చాకే కొలవాలి. వేడి ముక్క, చల్లటి ముక్క ఒకే బలం చూపించవు.

బలం కొలిచే ఏర్పాటు

వెల్డింగ్ షాపులో 4 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న స్టీలు కడ్డీ, జానెడు ముక్క అడగండి. ఒక కొనను ఆకురాయితో చదునుగా రుద్దించండి, మొన ఉండకూడదు. రెండో కొనకు ఎంసీల్‌తో ఒక తేలికపాటి ప్లాస్టిక్ డబ్బా అంటించండి. లోపల కడ్డీ వదులుగా జారేంత బోలు ఉన్న పాత పెన్ను గొట్టాన్ని ల్యాబు స్టాండుకు నిలువుగా బిగించి, కడ్డీని అందులోంచి దించండి. కింద క్యారెట్ బిళ్ల. కడ్డీ బిళ్ల నడిమధ్యన కాకుండా, నడిమి పాలిపోయిన బోదెకూ అంచుకూ మధ్య ఉన్న ముదురు నారింజ భాగం మీద ఆనాలి. బోదె తీరు వేరు, బయటి కండ తీరు వేరు. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ పొడిస్తే అంకెలు గంతులేస్తాయి.

ఇప్పుడు డబ్బాలోకి నీళ్లు సన్నటి ధారగా వదలాలి. దీనికి వాడని సెలైన్ గొట్టం చక్కగా పనికొస్తుంది, దాని చక్రం తిప్పి ధారను ఒకే వేగంలో నిలపవచ్చు. వేగం ముఖ్యం. ఉడికిన కండ గభాలున పడే బరువుకూ నెమ్మదిగా పెరిగే బరువుకూ వేరువేరుగా స్పందిస్తుంది. కడ్డీ ముందు కొంచెం దిగి ఆగుతుంది, పైన చిన్న గుంట పడుతుంది. అప్పుడు ఆపకండి. ఇంకొంచెం నీళ్లకు చటుక్కున లోపలికి దిగబడే క్షణం ఒకటి ఉంటుంది, చేతికి కూడా తెలుస్తుంది. చక్రం బిగించాల్సింది అప్పుడు. కడ్డీ, డబ్బా, నీళ్లు అన్నీ కలిపి వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద తూయండి.

లెక్క సులభం. కడ్డీ కొన వైశాల్యం 3.14 × 2 × 2, అంటే 12.56 చదరపు మిల్లీమీటర్లు. ఉదాహరణకు మొత్తం బరువు 300 గ్రాములు అనుకుందాం. 0.3 × 9.8 = 2.94 న్యూటన్లు. దాన్ని 12.56తో భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు 0.23 న్యూటన్లు, అంటే 0.23 మెగాపాస్కల్. చార్టు మీద గ్రాములు రాయకండి, ఈ అంకె రాయండి. కడ్డీ మందం మారినా ఇంకొకరి ఫలితంతో దగ్గరగా పోల్చుకోవచ్చు. పచ్చి క్యారెట్‌ను దీంతో పొడవాలని చూడకండి, డబ్బా నిండినా దిగదు.

ఏం చూస్తారు? సోడా ముక్కలకు డబ్బాలో నీళ్లు దాదాపు పోయక్కర్లేదు, కొన్ని కడ్డీ బరువుకే దిగబడతాయి. పీహెచ్ 4 ముక్కలు ఉత్త నీళ్ల ముక్కల కంటే గట్టిగా నిలబడతాయి. పీహెచ్ రెండున్నర గిన్నెలో మాత్రం పదిహేను నిమిషాలకు పెద్ద తేడా తెలియకపోవచ్చు, ఆమ్ల జలవిశ్లేషణకు సమయం పడుతుంది. ఆ గిన్నెలోనూ పీహెచ్ 4 గిన్నెలోనూ కొన్ని ముక్కలను గంటదాకా ఉడికించి పోల్చండి. పీహెచ్ అడ్డంగా, బలం నిలువుగా వేసి గీత గీయండి. నాలుగు చుక్కల మధ్య వంపు గీత అందంగా గీయాలని ఆరాటపడొద్దు, చుక్కలు ఎక్కడ పడితే అక్కడే ఉంచండి.

విరిగింది కణమా, బంధమా?

బలం తగ్గిందని కొలిస్తే సరిపోదు. కండ రెండు రకాలుగా విరుగుతుంది. కణాలే పగిలి విరగవచ్చు, లేదా కణాలు చెక్కుచెదరకుండా ఒకదాన్నొకటి వదిలేయవచ్చు. మనం మాట్లాడుతున్నది కణబంధం గురించి కనుక రెండోది జరిగిందని చూపించాలి. సూక్ష్మదర్శిని కావాల్సింది ఇక్కడే.

పచ్చి క్యారెట్‌ను పుటుక్కున విరిచి, విరిగిన ముఖం మీద వేలు పెట్టండి. తడి తగులుతుంది. బీట కణాలనే చీల్చుకుంటూ పోయింది, రసం బయటికొచ్చింది. సోడాలో ఉడికిన ముక్క నుంచి గుండుసూది తలంత తీసి, స్లైడు మీద నీటి చుక్కలో వేసి, సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు ఒక చుక్క కలిపి, కవర్ స్లిప్ వేసి బొటనవేలితో మెల్లగా తట్టండి. గుండ్రటి, కోలటి కణాలు విడివిడిగా, మొత్తంగా ఈదుతూ కనిపిస్తాయి. ఒక్కటీ చిరగలేదు, మధ్య పటలిక మాత్రం పోయింది. పీహెచ్ 4 ముక్కను ఇలాగే తడితే కణాలు గుంపులు గుంపులుగానే ఉంటాయి, గట్టిగా అదిమితే అంచులు చిరుగుతాయి. ఈ రెండు స్లైడ్లను పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ గ్రాఫూ చెప్పలేనిది అర్థమవుతుంది.

బలమైన ఆమ్లం వైపు చూపించడానికి మన కర్నూలు ఎర్రగడ్డే సాయం. గాజు గ్లాసు మూతి మీద ఎర్రగడ్డను, వేళ్లు వచ్చే అడుగు మాత్రం నీళ్లకు తగిలేలా కూర్చోబెడితే కొద్ది రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. కణవిభజన చూపించడానికి వేరుకొనలను ఆమ్లంలో కాచి నలిపే పద్ధతి ఇంటర్, డిగ్రీ ల్యాబుల్లో ఏళ్లుగా ఉంది. ఆ ఆమ్లం ఎందుకో మాత్రం చాలా మందికి చెప్పరు. మధ్య పటలికను వదులు చేసి కణాలను విడదీయడానికే అది. సెంటీమీటరు పొడవు కొనలు కోసి, ఒక పాలు అసిటిక్ ఆమ్లం, మూడు పాళ్లు ఆల్కహాలు కలిపిన ద్రావణంలో ఒక రాత్రి ఉంచండి. మర్నాడు సగం కొనలను 60 డిగ్రీల వేడి నీళ్లలో, సగాన్ని 60 డిగ్రీల 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, రెంటినీ ఎనిమిది నిమిషాలు. ఆమ్లం టీచరే కలపాలి: సగం నీళ్లు ముందు పోసుకుని, గాఢ ఆమ్లం 8.3 మిల్లీలీటర్లు అందులోకి వంచి, 100 మిల్లీలీటర్లకు నీళ్లు నింపాలి. నీళ్లలోకి ఆమ్లమే తప్ప ఆమ్లంలోకి నీళ్లు ఎప్పుడూ వద్దు. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి, కిటికీలు తీసి ఉంచండి.

ఆమ్లంలోంచి తీసిన కొన పట్టకారు తగిలితేనే నలుగుతుంది, కాబట్టి సన్నటి బ్రష్షుతో తీసి కడగండి. అసిటోకార్మిన్ రంగు ఎక్కించి, కవర్ స్లిప్ మీద పెన్సిలు వెనకవైపుతో తడితే కొన చెదిరి కణాలు ఒకే వరుస మందాన పరుచుకుంటాయి. నీళ్లలో ఉంచిన కొన ఎంత తట్టినా ముద్దగానే ఉంటుంది, కణాలు ఒకదాని మీదొకటి పడి ఏదీ తేలదు. వేడి ఒక్కటే, సమయం ఒక్కటే, మారింది ఆమ్లం మాత్రమే. వాడిన ఆమ్లాన్ని తినే సోడాతో, నురగ ఆగేదాకా తటస్థం చేసి పారబోయండి.

చార్టు మీద రాయకూడనిది

పిల్లలు ఇంటర్నెట్‌లో చూసి "కణబంధం – ఆమ్లత – క్యాన్సర్" అని పెద్ద అక్షరాలతో రాసుకొస్తారు. జడ్జీలకు నచ్చుతుందని. ఆ సంబంధం నిజంగానే పరిశోధనలో ఉంది, కానీ క్యారెట్ దాన్ని రుజువు చేయదు. మన కణాలకు కణకవచం లేదు, పెక్టిన్ లేదు. ఒకదాన్నొకటి పట్టుకునేది క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్లతో, వాటికీ కాల్షియం కావాలి. చుట్టూ ఉన్న ఆధారాన్ని పట్టుకునేది ఇంటెగ్రిన్లతో. ఇంటెగ్రిన్‌ను కణం లోపలి ఆక్టిన్ పోగులకు కలిపే ప్రోటీన్లలో టాలిన్ ఒకటి. పీహెచ్ కాస్త పెరిగితే టాలిన్ ఆక్టిన్‌ను పట్టుకునే పట్టు సడలుతుందని కొలిచి చూశారు.

మన రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది. చాలా కణితుల్లో కణాల బయటి ద్రవం 6.5 నుంచి 6.9 దాకా దిగుతుంది. ఇంత చిన్న మార్పుకు పెక్టిన్ పచ్చి కండలో చలించనే చలించదు. ప్రోటీన్లు చలించడానికి ఒక ముఖ్య కారణం హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం. అది ప్రోటాన్‌ను పట్టుకునేదీ వదిలేదీ ఆరు, ఏడు పీహెచ్‌ల దాపునే. పెక్టిన్‌లో అదే పని మూడున్నర దాపున జరుగుతుంది. జడ్జి "మన ఒంట్లో కూడా ఇంతేనా?" అని అడిగితే, కాదనీ, రెండు చోట్లా ప్రోటాన్ చేరితే ఆవేశం మారడం ఒక్కటే ఉమ్మడి అనీ, చేరే చోటు, చేరే పీహెచ్ వేరనీ చెప్పమనండి. ఆ జవాబు పిల్లలు తమ మాటల్లో చెప్పగలిగేదాకా చార్టు మీద మనిషి ఒంటి బొమ్మ వేయనివ్వకండి.